గ్రంథస్వామ్యము – విద్యార్థి వాడుక: ఒక చారిత్రక పరిశీలనము

మదరాసులో అచ్చుపడిన పాత తెలుగు పుస్తకములు మన యిండ్లలో ఇంకను అక్కడక్కడ మిగిలి యున్నవి. వానిలో పెక్కింటి ముఖపత్రము మీదనో, దాని వెనుక పుటలోనో "సర్వస్వామ్యసంకలితము" అను సమాసము చిన్న అక్షరములలో కనబడును. ఆ పుస్తకములను చదివి పెరిగిన మన పెద్దలలో ఆ మాటకు అర్థమేమని విచారించినవారు అరుదు. విచారింపవలసిన అగత్యమును వారికి కలుగలేదు. పుస్తకమును చదువుటకుగాని, పొరుగువారికి ఎరువిచ్చుటకుగాని, నచ్చిన పద్యమును నోటుపుస్తకములో ఎత్తివ్రాసికొనుటకుగాని ఆ మాట అడ్డు రాలేదు.

నేటి విద్యార్థి స్థితి వేరు. అతడు ఫోనుతో ఒక పుటను ఫొటో తీసి నిమిషములో లోకమునకెల్ల చూపగలడు. పాఠశాల అప్పగించిన పనికై ఒక చిన్న చలనచిత్రమును కూర్చి, దానికి వెనుక ఒక సినిమా పాటను చేర్చి, అంతర్జాలమున నిలుపగలడు. అనగా, నిన్నటి వరకు ఎత్తివ్రాసికొనువాడుగా నుండిన విద్యార్థి నేడు ప్రకాశకుడైనాడు. ప్రకాశకునికి వర్తించు ధర్మములు తనకును వర్తించునని అతనికి చెప్పువారు మాత్రము అరుదు.

ఈ విషయము తెలుగువారందరికిని తెలియదగినదే. కాని ఆంధ్రప్రదేశ, తెలంగాణ రాష్ట్రముల వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకు మఱింత తెలియదగినది. హోసూరు, బళ్లారి, బరంపురము, పర్లాకిమిడి, షోలాపురము వంటి చోట్ల తెలుగు పుస్తకము హైదరాబాదులోను, విజయవాడలోను దొరకినంత సులభముగ దొరకదు. దొరకిన ఒక్క ప్రతిని నలుగురు పంచుకొనవలసి యుండును. కనుక నకలు మనకు విలాసము కాదు; భాష నిలుచుటకు ఆధారము. నకలన్న భయపడినచో పిల్లలకు తెలుగు చదువు లేదు. నకలునకు హద్దే లేదన్నచో తెలుగున వ్రాయువానికిని, అచ్చువేయువానికిని బ్రతుకు లేదు. ఈ రెండింటి నడుమ త్రోవ యేది? దానిని చట్టము ఎట్లు ఏర్పరచినదో చారిత్రకముగా చూపుట ఈ వ్యాసోద్దేశము. ఆ త్రోవ చాలవరకు విద్యార్థుల పుస్తకములను గూర్చిన వివాదములలోనే, అందు కొన్ని మనవారు నివసించు నగరములనుండి పుట్టిన వివాదములలోనే, ఏర్పడినదని ఈ క్రింద తేలగలదు.

పూర్వుల దృష్టి

అచ్చుయంత్రము రాకపూర్వము మన దేశమున గ్రంథస్వామ్యమను హక్కు లేదు. ప్రతి వ్రాయించుట పుణ్యకార్యముగ నెంచబడుచుండెను. తాటాకు శిథిలము కాకమునుపే మఱియొక ప్రతి వ్రాయింపకున్నచో గ్రంథమే నశించును గదా! ఐనను కర్తృత్వ విషయమున మన పూర్వులు ఉదాసీనులు కారు. తెలుగు ప్రబంధకవులు ఆశ్వాసాంత గద్యములో తమ పేరును, తండ్రి పేరును, గ్రంథనామమును చెప్పికొనిరి. ప్రతి వ్రాయువాడు ఆ గద్యమును గూడ వ్రాయుచుండుటచే కవి పేరు గ్రంథముతోడనే ప్రయాణము చేసెను. పదవ శతాబ్ది ఆరంభమున రాజశేఖరుడు కావ్యమీమాంసయందు శబ్దహరణము, అర్థహరణము అను విషయములకు ప్రత్యేకముగ అధ్యాయములను కేటాయించి, ఇతరుని మాటను గ్రహించుటలో తారతమ్యములను చర్చించెను.

దీనినిబట్టి ఒక భేదమును మనము మొదటనే గుర్తింపవలెను. ఇతరుని రచనను తనదిగా చెప్పుకొనుట గ్రంథచౌర్యము. ఇతరుని రచనను అతని పేరనే, కాని అతని అనుమతి లేక ప్రకటించుట స్వామ్యభంగము. ఈ రెండును ఒకటి కావు. వేమన పద్యమును తానే వ్రాసితినని చెప్పిన బాలుడు ఏ గ్రంథస్వామ్యమును భంగపరుపలేదు. కాని చౌర్యము చేసినాడు. జీవించియున్న కవి యొక్క ఖండకావ్యమును కవి పేరుతోనే సమగ్రముగ అంతర్జాలమున పెట్టిన బాలుడు చౌర్యము చేయలేదు. కాని స్వామ్యభంగము చేసినవాడగును. "పేరు చెప్పితిని గదా" యను సమాధానము మొదటి దోషమునకు పరిహారము, రెండవదానికి కాదు. మన విద్యార్థులలోనే కాదు, మన సంచికల సంపాదకులలోను ఈ పొరపాటు విశేషముగ కనబడుచున్నది.

చట్టము పుట్టుక

గ్రంథస్వామ్యమును గ్రంథకర్తకు సంక్రమింపజేసిన తొలి చట్టము ఇంగ్లండులో 1710లో అమలునకు వచ్చెను. దాని శీర్షికలోనే విద్యాప్రోత్సాహము లక్ష్యముగ చెప్పబడినది. క్రొత్త పుస్తకమునకు 14 ఏండ్లు హక్కు. ఆ గడువు తీరునప్పటికి గ్రంథకర్త జీవించియున్నచో మఱి 14 ఏండ్లు. గడువు తీరిన పిదప గ్రంథము అందరిది. హక్కునకు అవధి యుండుట ఈ చట్టమునకు ప్రాణమని చెప్పదగును.

మన దేశమున తొలి చట్టము ఈస్టిండియా కంపెనీ కాలమున, 1847లో వచ్చిన 20వ ఆక్టు. దానిప్రకారము ప్రచురణ నాటినుండి 42 ఏండ్లుగాని, గ్రంథకర్త జీవితకాలమును ఆపైన 7 ఏండ్లునుగాని, ఏది ఎక్కువైన అంతకాలము హక్కు నిలుచును. 1867లో వచ్చిన ముద్రణాలయముల, పుస్తకముల నమోదు చట్టమువలన ప్రతి ముద్రాపకుడును ప్రభుత్వమునకు ప్రతులు సమర్పింపవలసి వచ్చెను. మదరాసు తెలుగు ముద్రాపకులును ఈ నియమమునకు లోబడినవారే. 1854లో స్థాపితమైన వావిళ్లవారి ముద్రణాలయము ఈ చట్టముల నీడలోనే పెరిగినది.

1911లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము హక్కును గ్రంథకర్త జీవితకాలమునకు పైని 50 ఏండ్లకు పెంచెను. అదే చట్టమున "ఫెయిర్ డీలింగ్" అను మాట శాసనములో తొలిసారి చేరెను. దీనిని మనము న్యాయ్యమైన వ్యవహారము అనవచ్చును. స్వంత చదువు, పరిశోధన, విమర్శ, సమీక్ష, పత్రికలో సంగ్రహము అను ప్రయోజనములకై న్యాయముగ వాడుకొన్నచో అది స్వామ్యభంగము కాదని దాని తాత్పర్యము. హక్కు పెరిగిన చట్టముననే వాడుకకు చోటును ఏర్పడుట గమనింపదగినది.

1914లో మన దేశమునకు ఈ చట్టమును అనువదించుకొన్నప్పుడు ఒక ముఖ్యమైన మార్పు జరిగెను. ఇచ్చట తొలిసారి ప్రచురితమైన గ్రంథమును భాషాంతరీకరించుటకు కర్తకుగల ప్రత్యేకాధికారము పదియేండ్లకు పరిమితమయ్యెను. ఆ లోపల అతడు ఏదేని భాషలో అనువాదము ప్రకటించినచో, ఆ భాషకు మాత్రము అధికారము నిలుచును. పలు భాషల దేశమున పొరుగు భాషవాని గ్రంథము మనకు అందవలెనను దృష్టి ఇందు కానవచ్చును.

మూడు నగరముల వివాదములు

శాసనము క్లుప్తముగ నుండును. దానికి అర్థము న్యాయస్థానములలో ఏర్పడును. మన దేశమున ఆ అర్థమును తీర్చినవి మహాకావ్యములు కావు. పరీక్షలకు చదువు పుస్తకములు.

మొదటిది కలకత్తాలోనిది. పాల్‌గ్రేవ్ అను ఆంగ్లేయుడు ప్రాచీన, ఆధునిక ఆంగ్ల కవితలను ఏరి "గోల్డెన్ ట్రెజరీ" యను సంకలనము కూర్చెను. ఒక ప్రకాశకుడు అదే ఏరికను గైకొని, విద్యార్థులకు ఉపకరించు వ్యాఖ్యలు చేర్చి ప్రకటించెను. కవితలలో అధికభాగము ఎవరి సొత్తును కానివి. ఐనను ఏరుటయందు చూపిన అభిరుచియు శ్రమయు సంకలనకర్తవి గనుక ఆ ఏరికను యథాతథముగ గ్రహించుట తప్పని కలకత్తా హైకోర్టు 1890లో తీర్మానించెను.

రెండవది బొంబాయినుండి ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. ప్లూటార్కు రచించిన అలెగ్జాండరు చరిత్రకు సర్ థామస్ నార్తు పదునాఱవ శతాబ్దిలో చేసిన ఆంగ్లానువాదమును మాక్మిలన్ కంపెనీ విద్యార్థులకై కుదించి, టిప్పణి చేర్చి ప్రకటించెను. బొంబాయిలోని కూపర్ అను సంస్థ దాదాపు అట్టి పుస్తకమునే వెలువరించెను. 1923లో ప్రీవీ కౌన్సిలు రెండు ముక్కలుగ తీర్పు చెప్పెను. పాత అనువాదములోని వాక్యములను కొన్ని విడిచి, కొన్ని నిలిపినంతమాత్రమున మూలభాగమునకు క్రొత్త స్వామ్యము పుట్టదు. కాని టిప్పణి సంపాదకుని విద్యావివేకములకు ఫలము. దానిని నకలు చేయుట తప్పు. ఈ తీర్పు మనకు నేటికిని నిత్యోపయోగము. వేమన పద్యము అందరిది. మొన్నటి పండితుడు ఆ పద్యమునకు వ్రాసిన తాత్పర్యము ఆ పండితునిది.

మూడవది మదరాసులోనిది. ఇ. ఎం. ఫార్‌స్టరు నవల "ఎ పాసేజ్ టు ఇండియా" విద్యార్థులకు పాఠ్యముగ నుండగా, మదరాసులో దానికొక గైడు వెలువడెను. గ్రంథకర్త జీవించియే యుండెను, వాది ఆయనయే. 1964 నాటి న్యాయనివేదికలలో చేరిన ఈ తీర్పున మదరాసు హైకోర్టు ఆ గైడు స్వామ్యభంగము కాదనెను. కథను వివరించి, పాత్రలను విమర్శించి, విద్యార్థికి బోధపరచు పుస్తకము నవలకు మాఱు కాదు. దాని స్వభావమే వేరు.

ఈ మూడు తీర్పులను చేర్చి చూచినచో సూత్రము తేటపడును. ఏరిక, టిప్పణి వంటి ఇతరుని శ్రమఫలమును ఉన్నదున్నట్లు ఎత్తికొనుట తప్పు. ఇతరుని గ్రంథమును చదివి, దానినిగూర్చి తన మాటలలో చెప్పుట తప్పు కాదు.

1957 నాటి చట్టము

స్వాతంత్ర్యానంతరము మన పార్లమెంటు 1957లో 14వ ఆక్టుగ చేసిన కాపీరైటు చట్టము 1958 జనవరి 21న అమలునకు వచ్చెను. పలుమారులు సవరింపబడి నేటికిని అదియే మన చట్టము. 1936లో పర్లాకిమిడియు, బరంపురమును ఒరిస్సాలో చేరినవి. 1953లో బళ్లారి మైసూరులో చేరినది. యానాము 1954లో ఫ్రెంచి పాలననుండి విడివడినది. ఎల్లలు ఎట్లు మారినను గ్రంథస్వామ్య విషయమున నేడు మనకందరకు శాసనము ఒక్కటే.

ఇందలి 52వ సెక్షను విద్యార్థి చదువదగినది. స్వంత వాడుకకును, పరిశోధనకును, విమర్శ సమీక్షలకును, వర్తమాన విషయముల నివేదనకును న్యాయముగ వాడుకొనుట దోషము కాదు. బోధనక్రమమున ఉపాధ్యాయుడుగాని, విద్యార్థిగాని ప్రతి చేసికొనవచ్చును. ప్రశ్నపత్రములోను, దాని సమాధానములోను వాడుకొనవచ్చును. పాఠశాల కార్యక్రమములలో భాగముగ విద్యార్థులును, ఉపాధ్యాయులును నాటకము ఆడవచ్చును, పాట పాడవచ్చును. ప్రేక్షకులు మాత్రము పాఠశాలవారు, విద్యార్థుల తలిదండ్రులు, సంస్థతో సంబంధము గలవారు అయి యుండవలెను.

మన సంఘములకు ఉపకరించునవి రెండు కలవు. ఔత్సాహిక సంఘము టిక్కెట్టు లేని సభలో నాటకమునుగాని, పాటనుగాని ప్రదర్శించుట దోషము కాదు. ప్రధానముగ స్వామ్యము లేని రచనలతో కూర్చిన బోధనార్థ సంకలనములో, స్వామ్యముగల ప్రచురిత గ్రంథములనుండి చిన్న భాగములను చేర్చుకొనవచ్చును. ఐతే ఆ గ్రంథములు బోధనకై ప్రకటితమైనవి కారాదు. ఒకే ప్రకాశకుడు ఐదేండ్లలో ఒకే కర్తనుండి రెండు భాగములకు మించి తీసికొనరాదు. పిల్లలకు తెలుగు వాచకము కూర్చదలచిన సంఘమువారు ఈ లెక్కను కంఠస్థము చేయదగును.

57వ సెక్షను వేఱొక ధర్మమును రక్షించును. స్వామ్యమును అమ్మివేసిన పిదపను, రచన తనదని చెప్పుకొను అధికారమును, తన కీర్తికి భంగము కలుగునట్లు దానిని వికృతపరుపకుండ అడ్డుకొను అధికారమును కర్తకు నిలుచును. ఆశ్వాసాంత గద్యము కోరినది ఇట్లు నేటి శాసనములోను ఒక విధముగ నెరవేరినది.

ఢిల్లీ వివాదము

బోధనక్రమము అను మాటకు పరిధి యెంత? ఈ ప్రశ్న 2012లో ఢిల్లీలో తలయెత్తెను. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సు ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ దుకాణము, అధ్యాపకులు సూచించిన గ్రంథభాగములను జెరాక్సు తీసి, కట్టలుగ కూర్చి విద్యార్థులకు అమ్ముచుండెను. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయములును, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థయు వ్యాజ్యము తెచ్చెను. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము వ్యాజ్యమును కొట్టివేసెను. అదే సంవత్సరము డిసెంబరు 9న ద్విసభ్య ధర్మాసనము, బోధనక్రమమనగా తరగతి గదిలోని ఉపన్యాసము మాత్రమే కాదనియు, ఎన్ని పుటలన్న లెక్కకంటె బోధనకు ఎంత అవసరమన్నదే ప్రమాణమనియు వివరించి, వాస్తవ విచారణకై కొంత భాగమును క్రింది ధర్మాసనమునకు పంపెను. 2017 మార్చిలో ప్రకాశకులు వ్యాజ్యమును ఉపసంహరించుకొనిరి.

ఈ తీర్పు పేద విద్యార్థికి అండ. కాని దీనిని వినినవారు కొందరు "చదువుకొఱకైనచో ఏమి చేసినను చెల్లును" అని తలచుచున్నారు. అది పొరపాటు. అక్కడ నకళ్లు చేరినది నిర్ణీత పాఠ్యక్రమమును చదువు విద్యార్థులకు. లోకమునకెల్ల తెరచియుంచిన వాకిలిని గూర్చి ఆ తీర్పు చెప్పలేదు.

తరగతి గది గడప దాటిన పిదప

ఒక ఉదాహరణమును ఊహింతము. షోలాపురమున పద్మశాలి కుటుంబములో పుట్టిన విద్యార్థిని తన పేటలోని చేనేత కుటుంబముల చరిత్రను పాఠశాలకై చిన్న చలనచిత్రముగ కూర్చినది. అందు నాలుగు వస్తువులు కలవు: ఒక చరిత్ర పుస్తకములోని పుటలు, ఒక సినిమా పాట, పొరుగింటివారి పెండ్లి ఛాయాచిత్రము, మగ్గము కడ అమ్మమ్మ పాడిన పాట. ఉపాధ్యాయునికి సమర్పించి తరగతిలో చూపినంతవరకు బోధనక్రమమను రక్షణ ఆమెకు గొడుగువలె నున్నది. ఆ చిత్రమునే అంతర్జాలమున అందరికి తెరచి పెట్టిన క్షణమున ఆ గొడుగు చాలవరకు తొలగును. వస్తువు అదే; కర్త్రి ఆమెయే; మారినది ప్రేక్షకవర్గము. దానిని చట్టము ప్రజలకు అందించుటగ ఎంచును. అప్పుడు ఆమెకు మిగులు రక్షణ న్యాయ్యమైన వ్యవహారము మాత్రమే. పుస్తకములోని నాలుగు వాక్యములను చూపి వానిని విమర్శించినచో అది చెల్లును. అధ్యాయమంతయు చూపినచో చెల్లదు.

ఇచ్చట "ఫెయిర్ యూజ్" అను మఱియొక మాట విద్యార్థుల చెవిని పడుచుండును. అది అమెరికా మాట. 1841లో బోస్టనులో జార్జి వాషింగ్టను లేఖలను గూర్చిన వివాదములో జస్టిస్ స్టోరీ దానికి పునాది వేసెను. విచిత్రమేమనగా, అక్కడను ప్రతివాది గ్రంథము పాఠశాల గ్రంథాలయములకై కూర్చినదే. పండ్రెండు సంపుటముల మూలమునుండి 353 పుటలు గ్రహింపబడినవి. అది స్వామ్యభంగమని తీర్పు వచ్చెను. ఆ తీర్పులోని ఆలోచనయే 1976 నాటి అమెరికా చట్టమున నాలుగు ప్రశ్నలుగ చేరినది: వాడుక ప్రయోజనమెట్టిది? మూలగ్రంథము స్వభావమెట్టిది? ఎంత భాగము, ఎంత ముఖ్యభాగము తీసికొనబడినది? మూలగ్రంథము విక్రయమునకు హాని యెంత? అమెరికాలో ఈ ప్రశ్నలకు తగిన సమాధానమున్నచో ఏ ప్రయోజనమైనను రక్షణ పొందవచ్చును. మన చట్టములో మొదట శాసనము పేర్కొన్న ప్రయోజనములలో ఒకదాని క్రిందికి వాడుక రావలెను. తరువాతనే న్యాయాన్యాయ విచారణ. ఆ విచారణకు నాలుగు ప్రశ్నలు మనకును మంచి గీటురాయియే. కాని అమెరికాలో చెల్లినదెల్ల ఇచ్చట చెల్లునని తలపరాదు.

అంతర్జాలమున పెట్టిన రచనను గూర్చి హక్కుదారుడు వ్రాతపూర్వకముగ ఫిర్యాదు చేసినచో, దానికి త్రోవ చూపిన సంస్థ 21 దినములు దానిని నిలుపుదల చేయవలెనని 2012 నాటి సవరణ చెప్పుచున్నది. ఆ లోపల న్యాయస్థానపు ఉత్తరువు రానిచో దానిని మరల తెరువవచ్చును. కనుక నోటీసు వచ్చిన విద్యార్థి బెదరి సర్వమును చెరిపివేయనక్కరలేదు; తన వాడుక న్యాయ్యమైనదా యని తొలుత విచారించుకొనవలెను.

కాలగణనము

గడువు తీరిన గ్రంథమును అనుమతి లేకయే వాడుకొనవచ్చును. కనుక గడువును లెక్కించుట విద్యార్థికి మొదటి విద్య. కర్త జీవితకాలమున ప్రకటితమైన రచనకు, కర్త మరణించిన మఱుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు. 1957లో ఇది 50 ఏండ్లే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై వ్యావహారిక భాషోద్యమమును నడపిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో దివంగతులైరి. ఆయన జీవితకాలమున వెలువడిన స్వంత రచనలపై స్వామ్యము 1990 అంతమున ముగిసెను. మఱుసటి సంవత్సరము, అనగా 1941లో మరణించిన రవీంద్రుని రచనల గడువు 1991 డిసెంబరు 31న తీరవలసి యుండగా, మూడు దినములు ముందుగ డిసెంబరు 28నుండి వర్తించునట్లు గడువు 60 ఏండ్లకు పెంచబడెను. ఒక్క సంవత్సరపు తేడాచే గిడుగువారి రచనలు రవీంద్రుని రచనలకంటె పదునొకండేండ్లు ముందుగ మనవైనవి.

ఇరుగుపొరుగు భాషలనుండి అనువదించుట వెలుపలి తెలుగువారికి సహజమైన సేవ. హోసూరు విద్యార్థి సుబ్రహ్మణ్య భారతిని నిరభ్యంతరముగ తెలిగింపవచ్చును. భారతి 1921లో మరణించెను. మదరాసు ప్రభుత్వము 1949లో ఆయన రచనల హక్కును స్వీకరించి, అనంతరము ప్రజలకు అర్పించెను. బరంపురము విద్యార్థికి 1918లో మరణించిన ఫకీర్ మోహన్ సేనాపతి రచనలును, షోలాపురము విద్యార్థికి 1905లో మరణించిన కేశవసుతుని కవితలును అట్టివే. కాని బళ్లారి విద్యార్థి ద. రా. బేంద్రే కవితను తెలిగించి ప్రకటింపదలచినచో అనుమతి కోరవలెను. బేంద్రే 1981లో మరణించెను గనుక గడువు 2041 అంతము వరకు నడచును. 1914 నాటి పదియేండ్ల నియమము నేడు లేదు. ప్రచురణమైన ఏడేండ్ల పిదప అనువాదమునకు లైసెన్సు కోరు మార్గమును మాత్రము 1957 నాటి చట్టము ఏర్పరచినది.

సినిమా పాట లెక్క మఱింత చిక్కైనది. మదరాసులో తయారైన "గుండమ్మ కథ" 1962లో విడుదలయ్యెను. చిత్రమునకు విడుదలైన మఱుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లు. అది 2022 అంతమున తీరినది. ఐనను అందలి పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లోను, సంగీతము కూర్చిన ఘంటసాలగారు 1974లోను మరణించిరి. పాటల మాటలకు 2031 వరకును, స్వరములకు 2034 వరకును గడువు కలదు. ఒకే పాటలో మూడు స్వామ్యములు మూడు కాలములందు ముగియుచున్నవి. చిత్రమునకు గడువు తీరినంత మాత్రమున పాట స్వేచ్ఛగ దొరకినదని తలచువాడు పొరబడును.

మన సొత్తు

ఆ షోలాపురము బాలిక చిత్రములోని మిగిలిన రెండు వస్తువులును మన సంఘములకు మిక్కిలి దగ్గఱివి. అమ్మమ్మ పాట తరతరముల జానపదము. పాటకు స్వామి లేడు. కాని ఆ దినమున పాడిన గొంతు అమ్మమ్మది. 1994 నాటి సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించెను. 1999లో దాని గడువు 50 ఏండ్లకు పెరిగెను. బోధనకును, పరిశోధనకును మినహాయింపు ఉన్నను, లోకమునకు వినిపింపబోవునప్పుడు ఆమె అంగీకారము కావలెను. పెండ్లి ఛాయాచిత్రమునకును అట్లే. సొమ్మిచ్చి తీయించుకొన్న చిత్రమున హక్కు, వేఱు ఒప్పందము లేనిచో, సాధారణముగ తీయించుకొన్నవారిది. అడిగి తీసికొనుట చట్టమే కాదు, పెద్దల యెడ మర్యాదయు అగును.

మన సంఘములు ప్రకటించిన పాత సంచికల గతి యేమి? ఇదియే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పిన ప్రశ్న. వెలుపలి తెలుగువారి వలసల కథలు, వంశముల వృత్తాంతములు, మూతపడిన తెలుగు బడుల జ్ఞాపకములు ఎన్నో ఆ సంచికలలో తప్ప మఱెక్కడను లేవు. కాగితము పొడియగుచున్నది. వానిని స్కాను చేసి అంతర్జాలమున నిలుపుదమన్నచో, వ్యాసముల స్వామ్యము సాధారణముగ వ్యాసకర్తలదే; సంఘమునకు హక్కు సంక్రమింపవలెనన్న వ్రాతపూర్వకమైన పత్రము కావలెను. ఆ పత్రమున కాలము చెప్పనిచో హక్కు ఐదేండ్లకే అని నేటి చట్టము. వ్యాసకర్తలు గతించిరి, వారి పిల్లలు ఏ నగరములకు పోయిరో తెలియదు. హక్కు ఎవరిదో తెలియక, అడుగుటకు మనిషి దొరకక, ఆ వ్యాసములు బీరువాలలోనే అంతరించుచున్నవి. పెద్దలు తెలిసి చేసిన తప్పు కాదిది; ఒక కాగితము మీద సంతకము తీసికొనవలెనన్న తలంపు రాకపోవుటయే దీనికి మూలము.

ఉపసంహారము

ఇకముందు వెలువడు ప్రతి సంచికకును సంఘమువారు వ్యాసకర్తనుండి చిన్న అనుమతిపత్రము తీసికొనవలెను. అందు అంతర్జాల ప్రచురణమును, బోధనార్థము వాడుకను, హక్కు నిలుచు కాలమును స్పష్టముగ చేర్చవలెను. ఈ సంచికతోడనే ఆ ఆచారము మొదలగుట మేలు. పాత సంచికల వ్యాసకర్తల వారసులను, వారిని ఎఱిగినవారు జీవించియుండగనే వెదకి, వారి అంగీకారము పొందవలెను.

విద్యార్థికి చెప్పదగిన మాటలు కొలదియే. ఇతరుని మాటను తీసికొనునపుడు అతని పేరు చెప్పుము. పేరు చెప్పినంతనే అనుమతి వచ్చినట్లు తలపకుము. కర్త మరణించిన సంవత్సరము తెలిసికొని లెక్క చూడుము. తరగతిలో చూపుదానిని లోకమునకు చూపుటకు ముందు మరల ఒకమారు పరిశీలింపుము. అన్నిటికంటె, చదివినదానిని నీ మాటలలో వ్రాయుట నేర్చుకొనుము. అట్లు వ్రాసినదానిపై, ఏ నమోదును లేకయే, వ్రాసిన క్షణమునుండి స్వామ్యము నీదే.

పాత పుస్తకముల మీది సర్వస్వామ్యసంకలితము అను ముద్ర చదువరిని తఱుముటకు వేసినది కాదు. వ్రాసినవాని అన్నమును కాపాడుటకు వేసినది. ఆ అన్నమును కాపాడుచునే మన పిల్లలకు అక్షరము అందించుటకు శాసనము చోటు విడిచియున్నదని ఈ చరిత్ర తెలుపుచున్నది. ఆ చోటును తెలిసి వాడుకొనుటకు మన సంఘములు పూనుకొనునుగాక.